ఒక్కసారికే పడిన వేలు

"ఒక్కసారికే పడింది మేడం," అన్నాడు సాయి కిరణ్. "మిగతా ముసలోళ్ళయితే గుడ్డతో తుడిచి, నూనె రాసి, మళ్ళీ మళ్ళీ పెట్టించాల. మాబున్నీసా గారి వేలు మాత్రం ఎప్పుడూ ఒక్కసారికే పడుద్ది. మొన్న ఒకటో తారీకు కూడా అంతే."

అతని మాట నమ్మాను. దాచాల్సింది ఉన్నవాడు అంత హుషారుగా చెప్పడు. గ్రామ సచివాలయంలో పింఛన్లు చూసే ఉద్యోగి అతను. నెల మొదటి రోజు పొద్దున్నే ఫోనూ, వేలిముద్ర మిషనూ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు. ఊరి పేరు రాయను. రొంపిచెర్లకు దగ్గరని చెబితే చాలు.

"ఆమె వేలు పెట్టడం నీ కళ్ళతో చూశావా?" అని అడిగాను.

"ఎట్టా చూస్తాను మేడం? ఆడోళ్ళ గది, పరదా ఉంటది. మిషను లోపలికి అందిస్తా. వేలు పెట్టించి బయటికి ఇస్తారు. మొదట్నుంచీ అంతే. ఇన్నాళ్ళూ షంషాద్ అక్క అందుకునేది. ఇప్పుడు ఆమె లేదుగా, వాళ్ళ వదిన హఫ్సా అక్క అందుకుంది."

"డబ్బు ఎవరి చేతికిచ్చావు?"

"యాసిన్ అన్నకి. ఏడింటికల్లా అయిపోయింది మేడం, నేను అవతలి వీధికి పోవాల."

'ఆమె లేదుగా' అన్న మాట అతని నోట్లోంచి ఇట్టే వచ్చింది. రెండు వారాలు కాకుండానే ఊరు షంషాద్ చావుకు అలవాటు పడిపోయింది. తప్పు పట్టలేను, నేనూ ఆ కేసును అలాగే మోస్తున్నాను. మా నాన్న పోయి ఐదు నెలలైంది. ఏడేళ్ళు ఆయన పక్షవాతంతో మంచాన ఉంటే ప్రతి నవంబరులో ఆయన బతికే ఉన్నాడని ట్రెజరీకి రుజువు చూపించింది నేనే. ఇప్పుడు నవంబరు వచ్చినా నాకు పనిలేదు. అప్పటి నుంచి ఎవరు ఏడ్చినా, ఎవరు తిట్టినా నాకు గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టే ఉంటోంది.

కేసు చెప్పుకుంటే చిన్నదే. షంషాద్‌కు ముప్పై నాలుగేళ్ళు. తల్లి మాబున్నీసా మంచాన పడిన దగ్గర్నుంచి ఆమెకు కాలూ చెయ్యీ తనే అయింది. మంచం దిగలేనివాళ్ళకిచ్చే పెద్ద పింఛను కోసం తల్లిని ఆటోలో పడుకోబెట్టి డాక్టర్ల చుట్టూ తిప్పింది, ఆఫీసుల చుట్టూ తను తిరిగింది, చివరికి సాధించింది. ముందు వాటాలో అన్న యాసిన్, వదిన హఫ్సా. వెనక గదిలో తల్లీ కూతుళ్ళు. యాసిన్‌కు చెప్పుకోదగ్గ పనేమీ లేదు.

నరసరావుపేటలో బండ్ల మెకానిక్ యాకూబ్ షంషాద్‌ను చేసుకుంటానని అడిగాడు. ఆమె సరేనంది. నిఖా మాట అనుకున్న వారానికే ఆమె మాయమైంది. బురఖా, చెప్పులు సాగర్ కాలువ గట్టు మీద దొరికాయి. తర్వాత దిగువన ఎక్కడో ఒక ఆడమనిషి శవం తేలింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. మెడ మీది మచ్చ చూసి మా చెల్లెలేనన్నాడు యాసిన్. ఆ సాయంత్రమే మట్టి చేశారు. ఆఖరిసారి ఆమె యాకూబ్ బండి మీద కనబడిందని ఇద్దరు చెప్పారు. మర్నాడు పోలీసులు యాకూబ్‌ను తీసుకెళ్ళారు. ఇప్పుడతను రిమాండ్‌లో ఉన్నాడు.

అతని తల్లి అమీనా బీ నా దగ్గరకు వచ్చింది. నాది నరసరావుపేటలో రెండు కుర్చీల డిటెక్టివ్ ఏజెన్సీ. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలతో నడుస్తుంది. "మా వాడు చీమని కూడా తొక్కడు" అని ఆమె అనలేదు. "వాడు ఆ పిల్లని సాయంత్రం ఇంటికాడ దించి వచ్చాడు. దించాడంటే దించాడు," అంది. అది నచ్చి ఒప్పుకున్నాను. షంషాద్ పోయాక పని మీద ఆ ఇంటికి వెళ్ళిన బయటి మనిషి కాబట్టి ముందు సాయి కిరణ్‌ను అడిగాను.

యాసిన్ ఇంట్లో లేని సమయం చూసుకుని వెళ్ళాను. ఆడదాన్ని కావడం వల్ల ఈ వృత్తిలో నాకు కలిగిన లాభం ఒకటే, పరదాలు నాకు అడ్డం రావు. హఫ్సా వద్దనలేక పక్కకు తప్పుకుంది.

గదిలో నులక మంచం, దాని మీద మడతలు లేకుండా పరిచిన దుప్పటి. మాబున్నీసా కళ్ళు తెరిచే ఉన్నాయి. రెండు కళ్ళకూ శుక్లాలు. మాట పోయింది. నా వైపు చూసిందో, తలుపు వైపు చూసిందో తెలియలేదు.

"ఒకటో తారీకున పింఛనుకు ఏ వేలు పెట్టించావమ్మా?" అన్నాను.

"కుడి బొటనేలు," అంది హఫ్సా వెంటనే.

ఆ చెయ్యి చేతిలోకి తీసుకున్నాను. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ కింద ఇరుక్కుని ఉంది.

"దీన్ని ఎట్టా తెరిచావు?"

హఫ్సా చూపు పిడికిలి మీదికి పోయింది. "అది తెరుచుకోదు. షంషాద్‌కి ఒక్కదానికే చాతనయ్యేది. వేడినీళ్ళ గుడ్డ చుట్టి, ఏదో మాట్లాడతా చానాసేపు కూసునేది." ఆగి, "కుడి కాదులే, ఎడమది పెట్టించా," అంది.

ఎడమ చెయ్యి తిప్పి కిటికీ వెలుగులో చూశాను. బొటనవేలి కొస నున్నగా, గీత అన్నదే లేకుండా ఉంది. మిగతా వేళ్ళూ అంతే. ఆ వేలిని ఏ మిషన్ మీద పెట్టినా అద్దం మీద పెట్టినట్టే. నాకు అది వింతగా తోచింది కానీ, అంతకంటే వింత కుడిచేతిలో ఉంది.

బిగుసుకుపోయిన పిడికిలిని విప్పడం నాకు తెలుసు. వేళ్ళను లాగకూడదు. మణికట్టును నెమ్మదిగా కిందికి వంచి ఓపిక పడితే వేళ్ళు వాటంతటవే వదులవుతాయి. నాన్నకు ఏడేళ్ళు చేశాను. మాబున్నీసా వేళ్ళు కూడా కాసేపటికి వదిలాయి.

లోపల అరచెయ్యి పొడిగా, శుభ్రంగా ఉంది. పట్టించుకోకపోతే రెండు రోజులకే ఆ చోట చెమట పట్టి వాసన వేస్తుంది. వారం దాటితే గోళ్ళు కండలోకి దిగుతాయి. ఇక్కడ గోళ్ళు పొట్టిగా, కొసలు గుచ్చుకోకుండా నున్నగా రుద్ది ఉన్నాయి. తీసి రెండు మూడు రోజులకు మించి ఉండదు.

"ఈ గోళ్ళు ఎవరు తీశారు?"

హఫ్సా కొంగు సర్దుకుంది.

"తెరుచుకోని పిడికిట్లో గోళ్ళు ఎవరు తీశారమ్మా?"

"నాకేం తెలుసు? ఆయన్ని అడగండి," అంది. ఆమె తలుపు వైపు చూసింది.

ఆయన్ని అడిగే పని లేకుండా ఆయనే వచ్చాడు. యాసిన్ సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. వచ్చీ రాగానే భార్య వైపు చూశాడు, తర్వాత నా చేతిలో ఉన్న తల్లి చేతి వైపు చూశాడు.

"మా అమ్మ చెయ్యి వదలండి మేడం. ఎవర్నడిగి లోపలికొచ్చారు? చెల్లెలు పోయిన ఇల్లు ఇది."

"పోయిన చెల్లెలు వచ్చి గోళ్ళు తీసి పోయిందా?" అన్నాను.

అతను అరవలేదు. ఫోన్ తీసి బయటికి నడిచాడు. ఎస్సై వెంకటకృష్ణ దగ్గర్లోనే ఉన్నాడు కాబోలు, నేను మాబున్నీసా చేతిని దుప్పటి మీద పెట్టి గుమ్మం దాటేసరికి జీపు వచ్చి ఆగింది.

ఎస్సైకి నేనంటే పడదు. రెండేళ్ళ క్రితం ఒక దొంగతనం కేసులో అతను పట్టుకున్న మనిషి దొంగ కాదని నేను కోర్టులో తేల్చాను. అప్పటి నుంచి 'గారు' కలపకుండా నన్ను పిలవడు. ఆ 'గారు'లో ఎంత గౌరవం ఉందో ఇద్దరికీ తెలుసు.

"ఏంది డిటెక్టివ్ గారూ, చావింట్లో కూడా ఎంక్వైరీయేనా?"

"ఎస్సై గారూ, మాబున్నీసా వేళ్ళకు ముద్రలు లేవు. ఒక చెయ్యి మూసుకుపోయింది, ఇంకో చెయ్యి అరిగిపోయింది. మరి ఒకటో తేదీన పడిన వేలు ఎవరిది?"

"ఆధార్‌లో ఎవరిదుంటే వాళ్ళది. మిషను మీకంటే నాకంటే తెలివైంది. పడిందంటే ముసలమ్మదే."

"మీరు చెయ్యి పట్టుకుని చూడండి."

"నేను ముసలోళ్ళ చేతులు పట్టుకుని జాతకాలు చెప్పను. నా కేసు హత్య. శవం దొరికింది, అన్న గుర్తుపట్టాడు, ముద్దాయి లోపలున్నాడు. పింఛను నా కేసు కాదు."

"శవానికి డీఎన్ఏ పంపారా?"

"పంపాం. అది వచ్చేసరికి మీ ఏజెన్సీ మూసుకుంటారు." అతను గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన మాటే నన్ను ఆపింది. "ఒక మాట ఆలోచించండి హిమజ గారూ. వేలు తేడా అని మీరు రాసిచ్చారనుకోండి, రేపే పింఛను ఆపుతారు. మంచాన ఉన్న మనిషి. మీ కేసు కోసం ఆమె పొట్ట కొడతారా?"

అతనన్నది నిజమే. నా పార్టీ జైల్లో ఉన్నాడు, ఈవిడ మంచంలో ఉంది, ఒకర్ని లాగితే ఒకరు పడేలా ఉన్నారు. కోపం రావలసిన చోట నాకు కోపం కూడా రాలేదు. చెప్పులేసుకుని బస్సెక్కాను.

అమీనా బీ ఇల్లు నరసరావుపేటలో, యాకూబ్ షెడ్డు వెనకే. షెడ్డుకు తాళం. ఆమె గడప దగ్గర కూర్చుని కొడుకు చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. శుక్రవారం జైల్లో కొడుకుతో ములాఖత్. సూదిలో దారం ఎక్కించడానికి అవస్థ పడుతుంటే తీసుకుని ఎక్కించి ఇచ్చాను. అప్పుడు చూశాను, ఆమె వేళ్ళ కొసలు కూడా నున్నగానే ఉన్నాయి.

"పిన్నీ, నీ వేళ్ళు కూడా ఇట్టాగే ఉన్నాయే?"

"సున్నమమ్మా. పిడుగురాళ్ళ బట్టీల్లో పదిహేనేళ్ళు చేశాం, నేనూ మాబూ. ఒకే బట్టీ. సున్నం తోలు తింటది. ఒకసారి పోయిన గీతలు మళ్ళా రాలా."

"మరి మాబున్నీసాకి పింఛను వేలు ఎట్టా పడుతోంది?"

ఆమె గుండీ మీద నుంచి తల ఎత్తలేదు. కొడుకు జైల్లో ఉన్నాడని చెప్పుకున్నప్పుడు కూడా ఆమె ఇంత భయపడలేదు.

"అది నీకెందుకమ్మా?"

"యాకూబ్ కోసం."

"వాడికీ దానికీ సంబంధం లేదు."

"ఉందో లేదో నేను చూస్తాను పిన్నీ. నువ్వు చెప్పు."

దారం కొరికి చొక్కా మడత పెట్టింది. "ఆధార్ కార్డులు తీసేటప్పుడు బళ్ళో క్యాంపు పెట్టారు. అప్పుడు మేమంతా ఆ ఊళ్ళోనే. నా వేళ్ళు పడకపోతే కళ్ళు ఫొటో తీసుకున్నారు. మాబుకి వేళ్ళూ పడలా, కళ్ళూ పడలా. మిషను కాడి పిల్లగాడు విసుక్కున్నాడు. 'నీకు కార్డు రాదు, లెయ్' అన్నాడు. పొద్దు గూకతా ఉంది, వెనకాల జనం తోసుకుంటన్నారు. షంషాద్ వాళ్ళమ్మ వెనకే ఒదిగి కూసోనుంది. 'అమ్మీ, ఇంకోసారి చూద్దాం' అన్నది. ఈసారి మాబు బురఖాలోంచి చేతులు బయటికొచ్చినయ్, పది వేళ్ళూ చక్కగా పడినయ్. ఆ పిల్లగాడు 'ఇందాక సరిగ్గా పెట్టలేదు నువ్వు' అన్నాడు. మేం మూతులకి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం."

"ఆ చేతులు షంషాద్‌వి."

"షంషాద్‌వే. ఫొటో మాబుది, వేళ్ళు కూతురివి. తప్పని ఎవరికి తెలుసమ్మా? కార్డొస్తే చాలనుకున్నాం." ఆమె నిట్టూర్చింది. "తర్వాత ఆ పిల్ల తన కార్డుకి పోతే మిషను ఒప్పుకోలా. ఈ వేళ్ళతో ఇప్పటికే ఒక మనిషి ఉందని చెప్పింది. రెండుసార్లు పోయి, ఇంక ఊరుకుంది. కార్డు లేదు, రేషన్‌లో పేరు లేదు, బ్యాంకు లేదు. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ కాగితాల్లో ఆ పిల్ల వాళ్ళమ్మే. యాకూబు మాత్రం 'అయితే ఏంది, మీ అమ్మని కూడా తీసుకొచ్చేద్దాం, ఇద్దరూ మా ఇంట్లోనే ఉండండి' అన్నాడు. అందుకే ఆ పిల్ల ఒప్పుకుంది."

"ఇది నాకు మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే దొంగ వేలంటారు. మాబు పింఛను ఆపుతారు. నా కొడుకు కోసం దాని నోటికాడ కూడు తీయమంటావా? మేం ఒకే బట్టీలో కాలినోళ్ళం." ఇది మామూలుగా అంది. ఆ మాట నాకు గోడ అవతలి నుంచి వచ్చినట్టు లేదు. ఐదు నెలల్లో మొదటిసారి.

నేను గడప మీదే కూర్చుండిపోయాను. యాకూబ్ తల్లీ కూతుళ్ళిద్దర్నీ తీసుకెళతానన్నాడు. వాళ్ళు వెళితే పింఛనూ వెళుతుంది, దాని మీద నడిచే యాసిన్ ఇల్లు ఆగుతుంది. చెల్లెల్ని చంపితే వేలు పోతుంది. దాచిపెట్టి చచ్చిపోయిందని చెబితే వేలు ఉంటుంది, అడిగేవాడు జైలుకు పోతాడు. కాలువలో తేలిన ఆడమనిషి ఎవరో, ఆమె కోసం ఎవరు ఎక్కడ వెతుక్కుంటున్నారో నాకు తెలియదు. అన్నీ తెలిసినవాళ్ళలా ఆమెను షంషాద్ పేరుతో మట్టి చేశారు.

"పిన్నీ, ఆ మిషన్ మీద బతికున్న మనిషి వేలే పడుతుంది," అన్నాను. "ఒకటో తారీకున పడింది."

చొక్కా చేతిలోంచి జారింది.

"షంషాద్ ఉందా?"

"ఉంది. ఆ పొద్దున పరదా వెనక వాళ్ళమ్మ మంచం పక్కనే ఉంది. వేలు పెట్టింది, గోళ్ళు తీసింది."

"మరి అరవలేదేం? బయట పింఛనబ్బాయి ఉన్నాడుగా."

నాకూ ముందు అదే అర్థం కాలేదు. "తల్లి మంచం మీద ఉంది పిన్నీ. అరిస్తే ఆమెను ఏం చేస్తారో ముందే చెప్పి ఉంటారు."

అమీనా బీ రెండు చేతులూ ఎత్తి ముఖానికి పెట్టుకుంది. ఏడవలేదు. "యా అల్లా, నా కొడుకు దించాడంటే దించాడు," అంది నెమ్మదిగా. మర్నాడు కోర్టుకు ఏం చెప్పాలో, మాబున్నీసా పింఛను ఆగకుండా కలెక్టరాఫీసులో ఎవర్ని కలవాలో నేను లెక్క వేసుకుంటున్నాను. తల్లి ముఖం నిజం, రోగం నిజం. వేలు ఒక్కటే అబద్ధం. దాన్ని సరిదిద్దుకోవచ్చు. చాలా రోజుల తర్వాత నాకు ఒక పని చేయాలనిపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. సాయి కిరణ్.

"మేడం, మీకో మంచి మాట చెబుదామని చేశా. మీరు పొద్దున వేలు వేలు అంటున్నారుగా. ఎస్సై గారు నన్ను పిలిచి, 'ఆ గొడవ లేకుండా ముసలమ్మకి ముఖం పెట్టి తేల్చెయ్' అన్నారు. మా ఆఫీసు సింధు మేడంని లోపలికి పంపి ముఖం తీయించా. పాత ఫొటోతో కలిసిపోయింది మేడం, ఒక్కసారికే. ఇంకెప్పుడూ ముఖంతోనే ఇస్తాం. ఇక వేలితో పనే లేదు."

నా చెవిలో ఆ చివరి మాట ఆగిపోయింది.

"యాసిన్‌కి చెప్పావా?"

"పక్కనే ఉన్నాడుగా. రెండుసార్లు అడిగాడు, 'ఇంకెప్పుడూ వేలు అక్కర్లేదా' అని. అక్కర్లేదన్నా. చానా సంతోషపడ్డాడు. అప్పుడే బండేసుకుని పోయాడు."

"ఎటు?"

"బొల్లాపల్లి రోడ్డున మేడం. అటు వాళ్ళ అత్తగారోళ్ళకి మిరప చేను ఉంది, మోటారు గది కాడ ఏదో పనుందన్నాడు. హఫ్సా అక్క బండికి అడ్డం పడింది, ఏడుస్తా. ఎందుకో అర్థం కాలా."

ఫోన్ పెట్టేసి ఎస్సైకి చేశాను. తీయలేదు. మళ్ళీ చేశాను. ఇన్నాళ్ళూ షంషాద్‌ను బతికించింది ఆ వేలు. వేలు చెల్లదని మొదట అన్నది నేను. వేలు అక్కర్లేకుండా చేసింది ఎస్సై. మా ఇద్దరిలో ఎవరూ చెడు తలపెట్టలేదు. అమీనా బీ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

మూడోసారికి ఎత్తాడు. వెనక జీపు చప్పుడు.

"ఏంది డిటెక్టివ్ గారూ? ముసలమ్మ బతికే ఉందని తేలిపోయిందిగా, ఇంకేం కావాల?"

"బొల్లాపల్లి రోడ్డు మీద యాసిన్ బండి ఆపండి."

"ఎందుకు ఆపాల?"

"మీరు శవ పంచనామా రాసిన షంషాద్‌ను చంపడానికి పోతున్నాడు."